ఏడు మూరల తప్పు

కొత్త ప్లాస్టిక్ వైరు కట్టను ఎండలో విప్పితే ఒక వాసన వస్తుంది. కిరసనాయిలు వాసన కాదు, రబ్బరు వాసన కాదు. కొత్త చెప్పుల అంగట్లోకి అడుగు పెట్టినప్పుడు ముక్కుకు తగిలేదానికి కొంచెం దగ్గర. మొన్న మిద్దె మీద వడియాలు తిప్పుతుంటే ఆ వాసన తగిలింది. చూస్తే నా మనవరాలు సింధు నీళ్ళ ట్యాంకు నీడన కూర్చుని, నీలం వైరు కట్ట ఒళ్ళో వేసుకుని, ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, కుడి చేత్తో ముడి వేయాలని తంటాలు పడుతోంది. ఫోనులో ఒక అమ్మాయి బుట్ట అల్లుతోంది. అల్లుతోంది అనడం కూడా తప్పే. పాట మోగుతోంది, వేళ్ళు గిరగిర తిరుగుతున్నాయి, నేను నాలుగు వడియాలు తిప్పేలోగా బుట్ట తయారైపోయింది.

“ఏందే అది, బుట్ట అల్లేదా, బొంగరం తిప్పేదా?” అన్నాను.

“ఆపి ఆపి చూస్తా ఉండా అవ్వా. ఫోను పట్టుకునేదానికి ఒక చెయ్యి, ముడేసేదానికి రెండు చేతులు. మూడో చెయ్యి యాడి నుంచి తెచ్చేది నేను?”

పిల్ల విసుక్కుని అన్న మాటే అయినా అందులో న్యాయం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట మా రేణిగుంటలో ఎంతోమంది ఆడవాళ్ళు ఇదే బుట్టను టీవీ ముందు కూర్చుని, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నేర్చుకున్నారు. టీవీని ఒకరు పట్టుకోనక్కర్లేదు. అది దాని చోట అది ఉంటుంది, మన చోట మనం ఉంటాం. నేర్పింది గ్రేసమ్మ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసినా ఆమె చేతులే చూసి ఉంటారు. ఎందుకంటే కెమెరాను మొహం మీదికి రానిచ్చేది కాదు.

గ్రేసమ్మ మా వీధిలోనే, రైలు గేటు వైపు రెండిళ్ళ అవతల ఉండేది. ఆస్పత్రిలో ఆయాగా చేసి మానుకున్న మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. పొట్టిగా, గట్టిగా ఉండేది. చేతులు మాత్రం ఎవరో పొడుగు మనిషికి పెట్టాల్సినవి తెచ్చి ఈమెకు పెట్టినట్టుండేవి. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ వైరు బుట్టలు. మా వీధికి కేబుల్ ఇచ్చే మురళి, జిరాక్సు అంగడి పైన ఒక రూములో సొంత చానల్ నడిపేవాడు. పాత సినిమాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, తిరుచానూరు అమ్మవారి ఉత్సవాలు వేసేవాడు. అందులో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు అరగంట గ్రేసమ్మది. ఆ అరగంట ఆమెకు ఎట్లా వచ్చిందని అడిగితే మురళి తల గోక్కునేవాడు. “నేను పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నామె ఆమేనంట. కాదంటే మా అమ్మ అన్నం పెట్టదు” అనేవాడు.

నేను టీవీని మెచ్చుకునే మనిషిని కాను, అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. చదివింది ఐదో తరగతి దాకా. చీపురు అరిగి పిడికెడైనా పారేయకుండా దాంతోనే ఊడ్చేదాన్ని. అరిగిపోయిన సబ్బును కొత్త సబ్బుకు అతికించి వాడేదాన్ని. మా పెద్దోడు టీవీ తెచ్చి పెడితే దాని మీద పాత లుంగీ కప్పి, వార్తలప్పుడు మాత్రం తీసేదాన్ని. పట్టుచీరలు కట్టుకుని వంటింట్లో ఏడ్చే ఆడవాళ్ళను చూడటానికి కరెంటు కాల్చడం నాకు అర్థం కాలేదు. నా మాటకు ఇంట్లో ఎదురు లేదు. చెప్పింది తప్పని ఎవరితోనూ ఒప్పుకున్నదీ లేదు. కోడళ్ళతో కాదు, కొడుకులతో కాదు, మా ఆయనతో అసలే కాదు.

ఒక శనివారం ఎదురింటి రెడ్డెమ్మతో కొళాయి నీళ్ళ విషయంలో తగువు పెట్టుకోవాలని వాళ్ళింటికి పోయాను. లోపల ఐదుగురు ఆడవాళ్ళు టీవీ ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరూ నా వైపు తిరగలేదు. ఐదుగురి చేతులూ ఒకే తీరుగా కదులుతున్నాయి. టీవీలో రెండు చేతులు, ఒక ఎర్ర వైరు, వెనక నుంచి ఒక గొంతు. “ఇప్పుడు కుడి పక్క కొస కిందికి పోవాల. పోయిందా? లేదు గదా. నిదానంగా పోనీయండి, నేను యాడికీ పరిగెత్తడం లే.” అని ఆ చేతులు ఆగాయి. టీవీలో ఏమీ జరగకుండా అంతసేపు ఉండటం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. చాప మీద ఉన్నవాళ్ళు ముడి పూర్తి చేసుకునేదాకా ఆ చేతులు అట్లాగే వేచి ఉన్నాయి. నేను తగువు మరచిపోయి గడప దగ్గరే నిలబడిపోయాను. టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్ళ చేతులు పని చేస్తూ ఉండగా చూడటం నాకు అదే మొదలు.

తరువాతి శనివారం మా టీవీ మీది లుంగీ తీసి, మడిచి, పక్కన పెట్టాను. మా ఆయన గూడ్సు షెడ్డు నుంచి అన్నానికి వచ్చి, వాకిట్లోనే ఆగిపోయాడు. “ఏమ్మే, ఎవురన్నా పోయినారా, ఈ పొద్దు వార్తలు ఇంత పెందలాడే పెట్టినావు?” అన్నాడు. నా చేతిలో వైరు ఉంది.

నెల తిరిగేసరికి నాకు చిన్న బుట్ట వచ్చింది. దాన్ని గ్రేసమ్మకు చూపించాలని పోయాను. చూపించాలని అన్నానే గాని, ఆమె మెచ్చుకోవాలన్నదే నా ఆశ. ఆమె బుట్టను తిప్పి, అడుగు చూసి, ఒక్కొక్క ముడినీ బొటనవేలితో నొక్కి చూసింది.

“ముడి గట్టిగా ఉండాది.”

“ఉండకుండా ఎట్ల.”

“మరీ గట్టిగా ఉండాది. వైరుకు ఊపిరాడల్లేదు. బరువు పెడితే సాగేదానికి సందు లేదు. నీ మాదిరే ఉండాది చెంగమ్మా ఈ బుట్ట” అని నవ్వింది. వేరేవాళ్ళయితే ఆ మాటకు మళ్ళీ వాళ్ళ గడప తొక్కేదాన్ని కాదు. గ్రేసమ్మ ఆ మాట అన్న తరువాత కాఫీ తెచ్చి ఇచ్చి, నా ఎదురుగా కూర్చుని నాలుగు వరుసలు తను విప్పి మళ్ళీ వేసింది. తన పని మానుకుని నా ముళ్ళు విప్పింది. దాంతో కోపం రాలేదు.

ఆ వానాకాలం గ్రేసమ్మ చర్చి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు. మురళి వచ్చి, “కట్టు తీసేదాకా పాటలు వేసుకుంటాలే పెద్దమ్మా” అన్నాడు. వాడి మొహంలో బాధ ఏమీ లేదు. శనివారం మూడు గంటలకు పాటలు వేస్తే అడ్వర్టైజుమెంట్లు వస్తాయని వాడి లెక్క. గ్రేసమ్మ నన్ను పిలిపించింది. “నోరు నాది. చేతులు చెంగమ్మవి. నీకు కావాల్సింది చేతులే గదా నాయనా” అంది వాడితో. నన్ను అడగలేదు. నేను కాదనలేదు. అట్లా నేను టీవీలోకి పోయాను. పోయింది నా చేతులు, మోచేతుల దాకా.

జిరాక్సు అంగడి పైన ఆ రూము మా వంటింటి కన్నా చిన్నది. కెమెరా పట్టుకునే శేఖర్‌ది పెళ్ళిళ్ళ వీడియోలు తీసే పని. ఆ అలవాటు కొద్దీ రెండు నిమిషాలకోసారి కెమెరా మొహాల మీదికి లేచేది. గ్రేసమ్మ మాట ఆపకుండానే, “మొగం మీదికి రాబాకురా, ఈడ తాళి కట్టేదేమీ లేదు. చేతులు చూపీ” అనేది. తీసింది తీసినట్టే అప్పటికప్పుడు టీవీలో వచ్చేది గనక అది కూడా వచ్చేది. జనం నవ్వుకునేవాళ్ళు. తప్పు ముడి పడితే కెమెరాను పక్కకు తిప్పనిచ్చేది కాదు. విప్పడం కూడా చూపించాలి అనేది. “వాళ్ళకూ తప్పులు పడతాయి గదా. విప్పేది ఎవురు నేర్పిస్తారు?” అన్నది ఆమె వాదం.

రెండు శనివారాలు బాగానే జరిగాయి. మూడో శనివారం నుంచి పెద్ద సంత బుట్ట మొదలు పెట్టాలి. మూడు వారాల పని. మొదటి వారం వైర్లు కోసుకుని అడుగు వేయడం, రెండో వారం పక్కలు, మూడో వారం చేత్తో పట్టుకునే కాడలు. సరిగ్గా ఆ రోజే ఆమెను తిరుపతిలో డాక్టరు రమ్మన్నాడు. పోతూ పోతూ నాకు కొలత చెప్పింది. “అన్ని వైర్లూ ఏడు మూరలు. కాడలకు పోయే ఎనిమిది మాత్రం తొమ్మిది మూరలు. చెప్పేటప్పుడు ఆ తొమ్మిది రెండు సార్లు చెప్పు.”

ఆ రోజు నోరూ నాదే, చేతులూ నావే. వైరు కొలుస్తుంటే నా మనసు ఊరుకోలేదు. తొమ్మిది మూరలా? కాడ అల్లిన తరువాత కొసలు మిగులుతాయి, వాటిని కత్తిరించి పారేయాలి. నేను ఆమె ఇంట్లో చూశాను, జానెడు జానెడు ముక్కలు బుట్టెడు ఉంటాయి. అంత వైరు పారబోసే ఖర్మ మన ఆడవాళ్ళకు ఎందుకు? కాడ కొంచెం పొట్టిగా ఉంటే ఏమైంది? కెమెరా ముందు కూర్చుని, తడుముకోకుండా చెప్పాను. “అన్నీ ఏడు మూరలే కోసుకోండి. ఒక్క ముక్క కూడా పారేసే పని లేదు.” మెట్లు దిగి వస్తుంటే నాకు చాలా గొప్పగా ఉంది. గ్రేసమ్మకు తట్టనిది నాకు తట్టిందనుకున్నాను. సాయంత్రం ఆమె వచ్చి, “అంతా చెప్పినావా?” అంటే, “చెప్పినాలే” అన్నాను.

నాకు తెలియనిదల్లా ఒకటే. ఆ పెద్ద బుట్టకు పక్కలు పైకి లేచేసరికి ఏడు మూరలూ అయిపోతాయి. కాడకు మిగిలేది వేలెడు.

రెండో వారం గ్రేసమ్మ నా పక్కనే కూర్చుంది. పక్కలు ఎట్లా లేపాలో చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది. నా బుట్ట నుంచి వేలాడే కొసల వైపు చూసింది. ఎనిమిది పొడుగ్గా వేలాడాలి. అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. అయినా మిగతా పాఠం పూర్తి చేసింది. ఇంటికి వస్తుంటే రైలు గేటు వేశారు. గూడ్సు బండి వస్తోంది.

“చెంగమ్మా, పొడుగు కొసలు యాడ?”

“అన్నీ ఏడే కోసినా అక్కా.”

“నీకా, అందరికీనా?”

“అందరికీ అట్లే చెప్పినా.”

గూడ్సు బండి వచ్చింది. మాట వినపడేటట్టు లేదు. ఆ బండి ఎంతకీ అయిపోలేదు. ఆమె మొహం వైపు చూడలేక చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాను. బండి పోయిన తరువాత గేటు ఎత్తినా ఆమె కదల్లేదు.

“వచ్చే శనివారం నువ్వే చెప్పాల, కొలత తప్పు చెప్పినానని.”

“కట్టలు ఈ సారి కొంచెం తక్కువ వచ్చినాయని చెప్దాం అక్కా. అంగడాయన మీదికి పోతుంది.”

“అట్లేలే. కట్టకు నోరు లేదు గదా, దాని మీదికి తోసెయ్యి.” కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. “ఆస్పత్రిలో అంతకాలం చేసినా. తప్పు మందు ఇచ్చినోళ్ళను సూసినా. ఇచ్చినామె నోరు తెరిస్తే వేరే మందు ఇస్తారు, మనిషి లేసి కూచుంటుంది. తెరవకుంటే రోగికి ఆ మందు పడలేదంటారు. తప్పు మంచంలో ఉండే ఆమెది అయిపోతుంది.”

నేను చెప్పనన్నాను. ఊరందరి ముందు నా వల్ల కాదన్నాను. ఆమె బలవంతం చేయలేదు.

మంగళవారం పొద్దున రెడ్డెమ్మ బుట్ట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆమె పనిలో చురుకు. మూడో వారం దాకా ఆగలేక పక్కలు పూర్తి చేసేసింది. ముదురాకుపచ్చ బుట్ట, చాలా చక్కగా వచ్చింది. కూతురు తొలి కాన్పుకు వచ్చి ఉంది. ఆస్పత్రికి పోయేటప్పుడు బట్టలు పెట్టుకోవడానికని అల్లుతోంది.

“అక్కా, కాడలకు వైరు యాడ మిగిల్నాది? వేలెడు గూడా లేదు. ఏడు మూరలే గదా నువ్వు చెప్పింది?”

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఒక్క తప్పుతో పోయేది. నా నోరు దాని అలవాటు ప్రకారం పోయింది. “నీ మూర చిన్నదేమో సూసుకో. సరిగా కొలిసినట్టు లేవు” అన్నాను.

రెడ్డెమ్మ నాతో కొళాయి దగ్గర ఎన్నిసార్లు తగువు పడిందో లెక్క లేదు. ఆ రోజు మాత్రం ఎదురు చెప్పలేదు. తన మోచేతిని, వేళ్ళను చూసుకుంది. “అంతేలే అక్కా. నాకు మొదట్నుంచి కొలతలు రావు. మా ఇంట్లో ఆయన గూడా అదే అంటాడు” అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేను వాకిట్లో చింతపండు గింజలు తీస్తుంటే ఎదురింట్లో ఆమె కనిపిస్తూనే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని, బుట్టను పై నుంచి ఒక్కొక్క ముడీ విప్పుతోంది. అంత చక్కటి బుట్టను అడుగు దాకా విప్పేసింది. విప్పిన వైరు మెలికలు మెలికలుగా ఆమె చుట్టూ పడి ఉంది. గ్రేసమ్మ గేటు దగ్గర చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. ఇట్లా ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది విప్పుకుంటున్నారో, తమకు కొలతలు రావని అనుకుంటున్నారో. చింతపండు అక్కడే వదిలి గ్రేసమ్మ ఇంటికి పోయాను.

“చెప్తా అక్కా. గాని చెప్పి ఊరుకుంటే ఏమొస్తుంది? ఆ బుట్టలకు కాడలు యాడి నుంచి తెచ్చేది?”

“ఇప్పుడు సరైన మాట అన్నావు” అని ఆమె తన పాత వైరు ముక్కల సంచి కుమ్మరించింది. నాలుగు రోజులు ఇద్దరం కూర్చున్నాం. మంచి చెయ్యి ఆమెది ఒకటి, నావి రెండు. కొసకు కొస ముడి వేస్తే బరువుకు జారిపోయింది. సూదితో కుట్టి చూశాం, వైరు చీలింది. చివరికి శుక్రవారం కుదిరింది. పై నుంచి మూడో వరుసలో ముళ్ళ కింద కొత్త వైరు దూర్చి, సగానికి మడిచి, అక్కడి నుంచి కాడ అల్లాలి. నీళ్ళు నింపిన బిందెను అందులో పెట్టి ఎత్తి చూశాం. ఆగింది. అదే రంగు వైరు అందరి దగ్గరా ఉండదు గనక ఏ రంగు ఉంటే ఆ రంగే.

మురళికి సంగతి తెలిసి, శనివారం మెట్ల మీదే అడ్డం పడ్డాడు. “చెప్పబాకండి పెద్దమ్మా. జనం ఫోన్లు చేసి తిడతారు. పది మంది తిడితే నేను ప్రోగ్రాం ఎత్తేయాల్సి వస్తుంది, ముందే చెప్తా ఉండా.” గ్రేసమ్మ నా వైపు చూసింది. ఎత్తేస్తే పోయేది ఆమె అరగంట. ఆమెకు ఉన్నది ఆ అరగంటే. “ఎత్తేస్తే ఎత్తేయి నాయనా. తప్పు బుట్టలు మాత్రం నా పేరు మీద ఊళ్ళో తిరగనియ్యను” అని పైకి ఎక్కింది.

కెమెరా పెట్టారు. బుట్టను ముందు పెట్టుకుని, దాన్నే చూస్తూ చెప్పాను.

“నేను చెప్పిన కొలత తప్పు. గ్రేసమ్మక్క కాడలకు తొమ్మిది మూరలు చెప్పమనింది. వైరు మిగిలిద్దామని నేనే ఏడు చెప్పినా. మీ బుట్టల కాడలకు వైరు చాలకుంటే అది మీ తప్పు గాదు, మీ మూర తప్పు గాదు. నా తప్పు. రెడ్డెమ్మా, నీకు కొలతలు వస్తాయి. ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా.”

శేఖర్ కెమెరా మెల్లగా నా మొహం మీదికి లేచింది. గ్రేసమ్మ ఆ ఒక్కసారి వాణ్ణి ఏమీ అనలేదు. కొంచెం సేపు పోనిచ్చి, “సరే, ఇంక చేతులు చూపీ. పని ఉండాది” అంది. ఇద్దరం కలిసి మూడో వరుసలో వైరు దూర్చడం చూపించాం. నిదానంగా, రెండు సార్లు.

అయిపోయీ కాకముందే మూలన మురళి టేబులు మీద ఫోను మోగింది. వాడు మా వైపు ఒక చూపు చూసి ఎత్తాడు. విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఫోను చేత్తో మూసి, “ఎర్ర బుట్టకు పచ్చ కాడ బాగుంటుందా, పసుప్పచ్చ బాగుంటుందా అని అడగతా ఉంది ఒకామె” అన్నాడు. గ్రేసమ్మ ఆలోచించి, “పసుప్పచ్చ” అంది. తిట్టినవాళ్ళు లేరని కాదు. ఇద్దరు ముగ్గురు తిట్టారు, నేనే ఫోను తీసుకుని విన్నాను. కాని ఆ సాయంత్రం ఎక్కువమంది అడిగింది రంగులే. మురళి ప్రోగ్రాం ఎత్తేయలేదు. తరువాత కేబుల్ వ్యాపారమే మానుకునేదాకా శనివారం మూడు గంటలు గ్రేసమ్మకే ఉంచాడు.

ఇంటికి వస్తే మా ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. “పెండ్లయి ఇన్నేండ్లకు నీ నోట్లో నుంచి ఆ మాట విన్నా. అదిగూడా టీవీలో వినాల్సి వచ్చింది” అన్నాడు. రెడ్డెమ్మ మాత్రం మెలికలు పడిన వైరు తెచ్చి నా ముందు పడేసింది. “ఊరందరికీ నా పేరు చెప్పినావు. మార్కెట్‌లో ‘కొలతలొచ్చే రెడ్డెమ్మ నువ్వేనా’ అంటా ఉండారు. కూర్చో, నాతో పాటు అల్లు” అంది. ఇద్దరం ఆ వైరును వేడినీళ్ళలో వేసి మెలికలు తీసి, కాన్పు లోపల బుట్ట పూర్తి చేశాం. కొళాయి దగ్గర తగువులు ఆ తరువాత కూడా పడ్డాం, అది వేరే సంగతి.

గ్రేసమ్మ కడపటి రోజుల్లో అరక్కోణంలో కూతురి దగ్గరికి పోయింది, అక్కడే పోయింది. ఇప్పుడు టీవీలో చానళ్ళు ఎన్నో నాకు తెలియదు. రిమోటు నొక్కుతూ పోతే వేలు నొప్పి పుడుతుంది. ఏడ్చేవాళ్ళు, అరిచేవాళ్ళు, ఎగిరేవాళ్ళు అందరూ ఉన్నారు. ఒక పనిని మొదలు నుంచి చివర దాకా, తప్పుతో సహా, ఎదుటి మనిషి చేతికి అందేదాకా ఆగి చూపించేవాళ్ళు లేరు. వంటల ప్రోగ్రాంలు ఉన్నాయి గదా అంటారు. అందులో ఉల్లిపాయలు ముందే తరిగి ఉంటాయి, కూర ముందే అయి ఉంటుంది, మాడిన గిన్నెను ఒక్కరూ చూపించరు. ఫోనులో అన్నీ దొరుకుతాయి అంటారు. దొరుకుతాయి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మా వీధిలో అందరం ఒకే గంటకు ఒకే వరుస వేసేవాళ్ళం, ఆదివారం పొద్దున కొళాయి దగ్గర ఎవరిది ఎంత వచ్చిందో చూసుకునేవాళ్ళం, రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళం. బుట్టలే కానక్కర్లేదు. పూలు కట్టడం, పాత చీరలతో బొంత కుట్టడం, గోడ గడియారం బాగు చేయడం, ఏదైనా సరే. వారానికి అరగంట చాలు. కరెంటు దండగ అని చెప్పే మొదటి మనిషిని నేను. నేనే అడుగుతున్నాను.

పోయిన కార్తీకంలో తిరుచానూరు పోయాను. అమ్మవారి గుడి దారిలో ఒకామె సామంతి పూలు అమ్ముతోంది. పూలు పోసుకున్న బుట్ట వైరుది. చాక్లెట్టు రంగు బుట్ట, వెలిసిపోయింది. కాడలు మాత్రం నారింజ రంగు. నేను పూలు చూడటం మానేసి కాడలు చూస్తూ నిలబడ్డాను. పై నుంచి మూడో వరుసలో దూర్చి ఉన్నాయి.

“ఈ బుట్ట యాడిది పాపా?”

“మా అమ్మ అల్లింది అవ్వా. అప్పుడు మేము రేణిగుంటలో ఉంటిమి, ఇప్పుడు ఏర్పేడు. టీవీలో చెప్పేవాళ్ళంట. ఎవరో ఒకామె కొలత తప్పు చెప్పి, మళ్ళీ వచ్చి నాదే తప్పు అనిందంట. అందుకే కాడలు వేరే రంగు.” ఆమె పూలు కొలుస్తూ నవ్వింది. “కొత్తది కొంటానంటే మా అమ్మ వొద్దంటుంది. కాడలు ఇంకా గట్టిగా ఉండాయి, ఎందుకు పారేసేది అంటుంది.”

ఒక కాడ మొదట్లో ముడి వదులైంది. నేను ఆమె పక్కనున్న మెట్టు మీద కూర్చుని, పూలు పక్కకు జరిపి, ఆ ముడిని కొంచెం విప్పి మళ్ళీ బిగించాను. ఊపిరాడేంత సందు ఉంచి బిగించాను. ఆమె పూలు కట్టడం ఆపి నా వేళ్ళ వైపే చూస్తోంది. ఆమెకు కనపడాలని నిదానంగా చేశాను.

“నీకు గూడా వచ్చునా అవ్వా? ఎవరు నేర్పినారు?”

“గ్రేసమ్మ అని ఒకామె ఉండె. ఆమె నేర్పింది” అన్నాను. ఆమె బుట్టను దగ్గరికి లాక్కుని, రెండో కాడ కూడా చూడమని నా వైపు తిప్పింది. “ఆ కొలత తప్పు చెప్పింది మాత్రం నేనే” అన్నాను, ఆ ముడి మీద వేలు పెట్టి.